అనుపానం

హైదరాబాదు, అమ్మాయిల వసతిగృహం
ఆగస్టు

ఉబేద్ భయ్యాకు సలాం.

మా వార్డెన్ ఫోన్లన్నీ బీరువాలో పెట్టి తాళం వేసింది. ఆదివారం సాయంత్రం మాత్రం కాసేపు చేతికిస్తుంది. మొదటి ఏడాది పిల్లలకు ఇదే పథ్యమట. నాకేం బాధ లేదు. ఇవన్నీ ఫోన్లో చెబితే నువ్వు "హౌ, హౌ" అంటూనే మందుల దుకాణంలో గిరాకీకి గోలీలు కట్టిస్తుంటావు. కాగితమైతే కూర్చుని చదవక తప్పదు.

భయ్యా, నాకు మాటల పిచ్చి పట్టింది. మొదటి రోజు హాజరు తీసుకుంటూ మా సంస్కృతం మేడం నా పేరు దగ్గర ఆగి, "నీకు కష్టమవుతుందేమోనమ్మా" అంది. ఇప్పుడు ఏ మాటనైనా విడదీసి అర్థం చెప్పమంటే అందరికంటే ముందు లేచేది నేనే. ఆమే "కూర్చో సుమయ్యా, మిగతావాళ్లను కూడా బతకనీ" అంటోంది.

విను. దోషం అంటే తప్పు అనుకుంటాం కదా. ఇక్కడ ఆయుర్వేదంలో వాత, పిత్త, కఫాలను దోషాలంటారు. సమంగా ఉన్నన్నాళ్లు ఒంటిని మోసేవి అవే, అదుపు తప్పితే చెడగొట్టేవీ అవే. ధాతువు అంటే నిలబెట్టేది. రసం, రక్తం, మాంసం అంటూ ఏడున్నాయి. కడుపులోని అగ్ని సరిగ్గా ఉడికించకుండా వదిలేసిన దాన్ని ఆమం అంటారు. మన పక్కింటి బుచ్చవ్వ సగం కథ చెప్పి వెళ్లిపోతే రాత్రంతా మనసులో బరువుగా ఉంటుందే, అలాంటిది. లంఘనం అంటే ఒంటిని తేలిక చేసేది. "లంఖణం పరమౌషధం" అని ఊరంతా అంటుంది. ఆ మాట వెనక ఇంత లోతుందని నాకు నిన్నటిదాకా తెలియదు. ఏమీ తినకపోవడమే మందు! ఎంత అందమైన ఊహ!

ప్రకృతి అంటే పుట్టుకతో వచ్చిన తీరు. మన ఇంట్లో అందరివీ లెక్క కట్టేశాను. అబ్బాది కఫం, నిదానం, కదలమన్నా కదలడు. అమ్మీది పిత్తం, చురుకు, వేడి. నీది నూటికి నూరుపాళ్లు వాతం. నోరు ఆగదు, మొదలుపెట్టిన పని ముగియదు.

అమ్మీకి, అబ్బాకు, నానీకి సలాం చెప్పు.

నీ చెల్లెలు
సుమయ్య


సిద్దిపేట
ఆగస్టు

త్రిదోష నివారిణి, మా ఇంటి ఆస్థాన పండితురాలు సుమయ్య గారికి, మందుల దుకాణంలో కౌంటర్ వెనక నిలబడే అల్పప్రాణి ఉబేద్ వంగి వంగి రాయునది.

నువ్వు పుస్తకాల భాషలో రాశావు కాబట్టి నేనూ పుస్తకాల భాషలోనే రాస్తున్నాను. ఇంటర్‌లో తెలుగులో నీకంటే నాకే ఎక్కువ మార్కులు వచ్చాయని గుర్తు చేస్తున్నాను.

నీ ఉత్తరం శుక్రవారం నమాజు తర్వాత అందరికీ చదివి వినిపించాను. మన ముసలి నానీకి ఉర్దూ తప్ప తెలుగు చదవడం రాదు. నీకు ఉర్దూ రాయడం రాదు. మధ్యలో నేను. ఈ కొలువుకు జీతం లేకపోయినా జనం ఉన్నారు. బుచ్చవ్వ పీట తెచ్చుకుని మరీ కూర్చుంది. ఆమె కోడలు స్వరూప గోడకానుకుని నిలబడింది.

నీ త్రిదోషాలు వినగానే నానీ చెయ్యి ఊపింది. "గిదంత మా హకీం సాబ్ ఎప్పుడో చెప్పిండు. మీ కఫం మా బల్గం. మీ పిత్తం మా సఫ్రా. ప్రకృతంటే మిజాజ్. గిది నేర్సుకోనీకి హైదరాబాద్ దాంక పోవాల్నా?" అంది. కానీ మొహం చూడాలి. మనవరాలు పాదుషా అయినట్టు వెలిగిపోయింది.

బుచ్చవ్వ వెంటనే, "మా కోడలిది పిత్తం. పెండ్లినాడే కనవడ్డది" అంది.

"మరి మీదేందత్తమ్మా?" అంది స్వరూప.

"నాది అన్ని సమం."

అబ్బా అయితే మధ్యాహ్నం కుట్టుమిషను ఆపేసి పడుకుంటున్నాడు. లేపితే, "నేను కఫం. బిడ్డ రాసింది. కఫాన్ని లేపొద్దు" అంటున్నాడు. పెళ్లివాళ్ల బట్టలు అట్లాగే పడి ఉన్నాయి. అమ్మీ ఆయన మీద అరిచి, "నేను పిత్తం, అరవకుంటే ఎట్ల?" అంటోంది. ఇంతకుముందు ఈ ఇంట్లో అందరికీ గుణాలుండేవి, తిట్టడానికి వీలుండేది. నువ్వు వాటికి సంస్కృతంలో పేర్లు పెట్టావు, ఇక ఎవరినీ ఏమీ అనలేం.

నేనూ ఊరుకోలేదు. దుకాణంలో ఒకాయన తలనొప్పి గోలి అడిగితే, "ముందు మీ ప్రకృతి చెప్పండి" అన్నాను. "ఆధార్ కార్డు సరిపోదా?" అన్నాడు.

ఒక్క మాట. నీ ఉత్తరం కొన్నిచోట్ల చప్పగా ఉంది. అక్కడ కాస్త ఉప్పుకారం చల్లి చదివాను. జనం మెచ్చుకున్నారు. పండితులకు నాలాంటి వాడు పక్కన ఉండాలి.

ఇట్లు
వాత ప్రకృతి


హైదరాబాదు
సెప్టెంబరు

వాత ప్రకృతి గారికి,

నీ ఉత్తరం చదివి గదిలో అందరం పడీపడీ నవ్వాం. ఆధార్ కార్డు మాట మా మేడం దాకా వెళ్లింది.

నీ ఉప్పుకారానికి మా శాస్త్రంలో పేరుంది. అనుపానం. మందు వెంట ఇచ్చేది. తేనె, వేడినీళ్లు, నెయ్యి, ఏదో ఒకటి. మందు ఒంట్లో ఎంత లోపలికి వెళ్తుందో అదే తేలుస్తుందట. నా ఉత్తరం మందైతే నీ ఎగతాళి అనుపానం. చూశావా, నీక్కూడా శాస్త్రంలో చోటిచ్చాను. ఎక్కువ పొంగిపోకు.

లంఘనం గురించి నేను రాసింది ఒక సీనియర్‌కు చూపించాను. ఆమె నవ్వింది. "ఇది అందరికీ ఇచ్చేది కాదు పిల్లా. మనిషి బలం చూడాలి, వయసు చూడాలి, ఇప్పటికే ఏ జబ్బుందో, ఏ మందులు వాడుతున్నారో చూడాలి. పైగా తేలిక చేసేవి చాలా ఉన్నాయి, ఉపవాసం వాటిలో ఒకటి మాత్రమే" అంది. నాకు కొంచెం సిగ్గేసింది. నేనింకా మాటల దగ్గరే ఉన్నాను, మనుషుల దాకా రాలేదు.

కొత్త మాట ఒకటి. స్వస్థుడు. తనలో తాను నిలిచినవాడని అర్థం. ఆరోగ్యానికి ఇంతకంటే మంచి మాట ఏ భాషలోనైనా ఉందేమో నువ్వే చెప్పు.

పోయిన ఆదివారం ఫోన్ చేస్తే నానీ పడుకుందన్నావు. ఈసారి లేపి ఉంచు.

నానీకి సలాం.

సుమయ్య


సిద్దిపేట
సెప్టెంబరు

ప్రియమైన చెల్లెలు సుమయ్యకు,

నీ ఉత్తరం అందింది. చాలా బాగుంది. నీ తెలివితేటలు చూసి మేమంతా గర్వపడుతున్నాం. ఇక్కడ అందరం క్షేమం. వానలు కూడా బాగానే పడుతున్నాయి.

ఆదివారం నువ్వు ఫోన్ చేసినప్పుడు నానీ నమాజులో ఉంది. అందుకే మాట్లాడలేకపోయింది. నువ్వు ఏమీ అనుకోవద్దు.

పరీక్షలు దగ్గరపడుతున్నాయి కదా. ఇంటి గురించి ఆలోచించకుండా చదువు మీద శ్రద్ధ పెట్టు. వేళకు తిను. ఆరోగ్యం జాగ్రత్త.

నీ అన్న
ఉబేద్


హైదరాబాదు
సెప్టెంబరు

ఉబేద్,

నానీకి ఏమైంది?

అబద్ధం రాయకు. రాయడం నీకు చేతకాదు. నేను మొదటి ఏడాది విద్యార్థినినే. నాడి చూడటం రాదు, నాలుక చూడటం రాదు. కానీ ఒకటి నేర్పారు. మనిషి ప్రకృతి తెలిస్తేనే వికృతి తెలుస్తుంది. ఎప్పుడూ నవ్వేవాడు నవ్వకపోతే, ఎప్పుడూ తిట్టేవాడు తిట్టకపోతే, అక్కడ వెతకాలి.

నీ ఉత్తరాన్ని ముందు పెట్టుకుని పరీక్ష చేశాను. "ప్రియమైన" అన్నావు. పుట్టిన దగ్గర్నుంచి నన్ను అలా పిలవలేదు. "గర్వపడుతున్నాం" అన్నావు. నాకు సీటు వచ్చిన రోజు నువ్వన్న మాట, "సిద్దిపేటకు ఇంకో మూలిక దొరికింది." వానల గురించి రాశావు. మనకు మడి లేదు, మాన్యం లేదు, దర్జీవాళ్లం. వానతో నీకేం పని? మొత్తం ఉత్తరంలో ఒక్క వెక్కిరింత లేదు. ఇది మా అన్న ఉత్తరం కాదు, జ్వరం వచ్చిన మనిషి ఉత్తరం.

ఒక ఆదివారం నిద్ర. ఇంకో ఆదివారం నమాజు. నేను ఫోన్ చేసింది రెండు నమాజులకు నడుమ, ఆ వేళకు ఏ నమాజూ లేదు, ఆ సంగతైనా చూసుకుని రాయాల్సింది.

వెంటనే జవాబు రాయి. లేకపోతే బస్సెక్కుతాను.

సుమయ్య


సిద్దిపేట
సెప్టెంబరు

సుమయ్యా,

సరే. చెబుతున్నాను. ముందే రాస్తున్నా, నానీ ఇప్పుడు బాగుంది. ఇంట్లోనే ఉంది. అమ్మీని అప్పుడే మూడు మాటలంది కూడా.

ఒకరోజు తెల్లవారుజామున నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కుని వజూ చేసుకోవడానికి లేచి గుమ్మం దగ్గర పడిపోయింది. ఒళ్లంతా చెమట, పిలిస్తే పలకలేదు. దవాఖానకు తీసుకెళ్లాం. షుగర్ బాగా పడిపోయిందన్నారు. గ్లూకోజు ఎక్కించారు. డాక్టరు మొదట అడిగింది, "రాత్రి ఏం తిన్నది?" అని. "జొన్నరొట్టె" అంది అమ్మీ. అక్కడే నిలబడ్డ స్వరూప, "లేదు పిన్నీ, ఆ రొట్టె మా మేక తింటుంది" అంది.

నీ లంఘనం విన్న దగ్గర్నుంచి నానీ రాత్రి తినడం మానేసింది. ఎవరికీ చెప్పలేదు. తన రొట్టెను గోడ మీంచి బుచ్చవ్వ మేకకు వేసింది. షుగర్ గోలి మాత్రం తప్పలేదు. దుకాణం మూసి వచ్చి నేనే చేతిలో పెట్టేవాణ్ణి. "తిన్నావా నానీ?" అనడిగితే, "తిన్న బేటా" అనేది. మేక బలిసింది. మేం చూస్తూనే ఉన్నాం.

నీకు చెప్పొద్దని నానీయే ఒట్టు పెట్టించుకుంది. నువ్వు బాధపడకు. నువ్వు మంచికే రాశావు.

ఉబేద్


హైదరాబాదు
అక్టోబరు

భయ్యా,

మా పుస్తకంలో మూడు పరీక్షలున్నాయి. దర్శనం, స్పర్శనం, ప్రశ్న. కళ్లతో చూడు, చేత్తో ముట్టు, నోటితో అడుగు. చిన్నపిల్లలు ఎక్కాలు చదివినట్టు నేను ఈ మూడూ గడగడా చెబుతాను. నానీ విషయంలో ఒక్కటీ చేయలేదు. ఆమె షుగర్ గోలి వేసుకుంటుందని నాకు తెలియదా? ఆమె పక్కలో పడుకుని పెరిగినదాన్ని. అయినా "ఎంత అందమైన ఊహ!" అని రాశాను.

తెలిసి తెలిసి బుద్ధి తప్పడాన్ని ప్రజ్ఞాపరాధం అంటారు. రోగాలన్నిటికీ వేరు అక్కడే ఉందట. ఆ మాట నేర్చుకున్న రోజు ఎంత మురిసిపోయానో.

నేను వచ్చేస్తున్నాను. ప్రిన్సిపాలుకు రాసిన కాగితం బల్ల మీద ఉంది, సోమవారం ఇస్తాను. మాటలతో మనిషిని పడేసినదానికి రేపు మందులిచ్చే హక్కు లేదు. అబ్బాకు నువ్వే చెప్పు. ఆయన దగ్గర గుండీలు కుట్టుకుంటాను. గుండీ తప్పు కుడితే ఎవరూ పడిపోరు.

సుమయ్య


సిద్దిపేట
అక్టోబరు

సుమయ్యా, ఆ కాగితం చింపెయ్యి. ఇది బస్సులో వచ్చే దోస్తు చేతికిచ్చి పంపుతున్నా, సోమవారం లోపే చేరాలని.

ఇంక పుస్తకాల భాష నాతోని కాదు. సాఫ్ సాఫ్ చెప్తున్న.

నువ్వు రాసిందాంట్ల నానీ రొట్టె మానెయ్యాలని ఎక్కడ్నన్న ఉన్నదా? లేదు. నేను కలిపిన.

నీ ఉత్తరం చదువుడు అయిపోయింది. "అమ్మీకి, అబ్బాకు, నానీకి సలాం" అన్న. నానీ ఇంక సూస్తనే ఉన్నది. "నాకేం రాసింది?" అనడిగింది. సలాం రాసింది నానీ, అన్న. "అంతేనా?" అన్నది. బుచ్చవ్వ ముంగట, స్వరూప ముంగట. గా మొహం నువ్వు సూడలే. అబ్బా గురించి రాసినవ్, అమ్మీ గురించి రాసినవ్, నన్ను తిట్టినవ్. పెంచిన ముసల్దానికి సలాం. గది గూడ మూడో పేరు.

నాకు ఏం జెయ్యాల్నో తెల్వలే. కాగితం మళ్ల తెరిసి సదివినట్టు జేసిన. "మా నానీకి ఖాస్ రాస్తున్న. రాత్రి రొట్టెల ఆమం ఉంటది. పొద్దుగూకినంక ఏం తినకు. లంఘనం జేస్తే పదహారేండ్ల పిల్లవైతవు" అన్న, నీ లెక్కనే ముక్కు పైకి పెట్టి. అందరు నవ్విన్రు. నానీ గూడ నవ్వింది. నవ్వులాటనే అనుకున్నదని అనుకున్న. ఆమె మనవరాలు ఖాస్ తనకే రాసిందని నవ్విందని నాకేమెరుక?

మందుల దుకాణంల నిలబడెటోణ్ణి. తినకుంట గోలి ఏసుకోవద్దని రోజు నలుగురికి జెప్పెటోణ్ణి. నేనే చేతుల పెట్టిన. పోయిన ఉత్తరంల నీ మీదికే తోసిన. "నువ్వు మంచికే రాశావు" అన్న. గంత షరీఫ్, మర్యాద మాట నా నోట్లకెల్లి ఎన్నడన్న వచ్చిందా? గది జూసి గూడ నువ్వు పట్టుకోలే. నువ్వేం వైద్యురాలివి?

చదువు ఇడిసిపెట్టకు.

ఉబేద్


హైదరాబాదు
అక్టోబరు

ఉబేద్‌కు,

కాగితం చింపేశాను. నీ కోసం కాదు.

నువ్వు పెట్టిన ముక్కు నాది. నువ్వు పెట్టిన గొంతు నాది. మందు మాత్రం నీది. అనుపానం అని నీకు బిరుదిచ్చాను చూడు, అక్కడ నా తెలివి తెల్లారింది. తేనె అని పేరు రాసి ఉన్న సీసాలో ఏముందో రుచి చూడలేదు. దుకాణంలో నీ చేత్తో ఇచ్చే ప్రతి గోలి పేరూ జనం ఇంకొకరితో చదివించుకోవాలి. బోర్డు రాసి పెట్టు.

ఇక రెండోది. "గది గూడ మూడో పేరు" అన్నావు. ఆ మాట నిజమే. అది రాసినందుకు నిన్ను సగం క్షమించాను. మిగతా సగం నానీ చేతిలో ఉంది.

శిక్ష ఇది. నువ్వు నాకు రాసిన పోయిన ఉత్తరాన్ని కూడా దీనితో తిప్పి పంపుతున్నాను. శుక్రవారం, అందరి ముందు, నీ నోటితో చదువు. స్వరూపక్క పక్కన నిలబడి కాగితంలోకి చూస్తూ ఉంటుంది. ఒక్క మాట కలపకూడదు, ఒక్క మాట మింగకూడదు. తర్వాత వెనక పేజీ చదువు. అది నానీకి. అందులో ఒక్క సంస్కృత మాటా లేదు, ఒక్క మందూ లేదు. అన్నీ ప్రశ్నలే. ఆమె చెప్పిన జవాబులు ఆమె చెప్పినట్టే రాసి పంపు.

సుమయ్య

(వెనక పేజీ)

నానీ,
పొద్దున లేవగానే కళ్లు తిరుగుతున్నాయా?
రాత్రి ఏం తింటున్నావు? రొట్టె మెత్తగా ఉంటోందా?
గుమ్మం దగ్గర పడ్డప్పుడు మోకాలికి దెబ్బ తగిలిందా? అది ఎవరైనా అడిగారా?
నేను లేనప్పుడు నీ పక్కలో ఎవరు పడుకుంటున్నారు?
నా మీద కోపముందా?

నీ సుమయ్య


సిద్దిపేట
అక్టోబరు

పండితురాలికి,

శిక్ష అమలైంది. నా ఉత్తరం నేనే చదివాను. జీవితంలో మొదటిసారి ఉన్నది ఉన్నట్టు చదివాను. చదువుతుంటే ఎవరూ నవ్వలేదు. నేను ఆగిన చోటల్లా స్వరూప వేలు పెట్టి చూపించింది, "గీడ ఉన్నవ్, సదువు" అని. అబ్బా మిషను ఆపాడు, ఈసారి కఫం వల్ల కాదు.

అయిపోయాక బుచ్చవ్వ పీట సర్దుకుంటూ, "గీ ఉత్తరంల మజా లేదు. మందేది?" అంది.

"మందు నీ మేక తిన్నది పో" అంది నానీ.

తర్వాత నా వైపు చూసింది. అమ్మీని పిలిచి రొట్టె తెమ్మంది. జనమంతా చూస్తుండగా, ఒక్కో తునక తుంచుకుని, నమిలి నమిలి, మొత్తం తిన్నది. అంతసేపూ నన్ను నిలబెట్టే ఉంచింది. తిన్నాక చెయ్యి చాపింది. గోలి పెట్టాను. దాన్ని స్వరూపకు చూపించి, "గిది షుగర్ గోలియేనా? సదివి జెప్పు" అంది. అప్పుడు నవ్వారు సుమయ్యా, అందరూ నవ్వారు. నీ బోర్డు ఇక అక్కర్లేదు, ఊరంతా తెలిసిపోయింది.

నీ ప్రశ్నలకు జవాబులు, ఆమె చెప్పినట్టే:

"కండ్లు తిరుగుతలేవ్.

రొట్టె మెత్తగుంటలేదు. మీ అమ్మీ ఎన్నడు మెత్తగ జేసింది?

మోకాలు వాసింది. ఎవ్వరడగలే. డాక్టరు గూడ అడగలే. నువ్వే అడిగినవ్.

పక్కల ఎవ్వరు పండుతలేరు. దిండు పెట్టుకుంటున్న.

కోపం సంగతి కాయితం మీద జెప్ప. వచ్చి చెయ్యి పట్టుకొని సూడమను. గంత చదువు చదువుతున్నది గదా, నాడి జెప్తది."

ఇంతే. ఇందులో నేను ఒక్క మాటా కలపలేదు. కింద సాక్షి సంతకం ఉంది.

ఇట్లు
ఇప్పుడిప్పుడే స్వస్థుడవుతున్న నీ అన్న
ఉబేద్

సాక్షి: స్వరూప. చివరి జవాబు ముందు "కోపం లేదు" అని ఒక లైను రాసిండు. నానీ గట్ల అనలే. కొట్టేయించిన.